గరిటెకో అక్షరం

ఒకానొక రాజ్యంలో మాటలకు కూడా రాజముద్ర వేసే రాజు ఒకడుండేవాడు. రాజ్యం పేరు వరదాపురం, రాజు పేరు కీర్తిధరుడు. యుద్ధాలంటే ఆయనకు పెద్దగా ఇష్టం లేదు. వేట అంటే అసలే లేదు. లోకంలో ఉన్న ప్రతి మాటకూ తిరుగులేని అర్థం రాయించి, 'కీర్తిధర నిఘంటువు' అనే మహాగ్రంథం తయారు చేయించాలన్నదే ఆయన మోజు.

మోజు మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, ఆ గ్రంథంలో రాసి ముద్ర వేసిన అర్థమే రాజ్యమంతటా చెల్లాలని ఆయన శాసనం చేశాడు. 'మూర' అనే మాట దగ్గరకొచ్చినప్పుడు 'రాజుగారి మోచేతి నుంచి వేలి కొస దాకా' అని రాయించాడు. రాజుగారివి పొడుగు చేతులు. మర్నాటి నుంచి పాపం నేతగాళ్లు అదే వెలకు ప్రతి చీరా జానెడు ఎక్కువ నేయాల్సి వచ్చింది.

ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఒక మాట అర్థం తేలనిదే తరువాతి మాటను ముట్టుకోనివ్వడు. 'కంపు' ముందా 'కంప' ముందా అని తగువు వస్తే పదకొండు రోజులు కొలువు అక్కడే ఆగిపోయింది.

అర్థాలు చెప్పే పని విరూపాక్ష సోమయాజిది. ఆయన చెప్పింది తాటాకు మీద గంటంతో రాసే పని పేరయ్యది. పేరయ్య బక్కపలచటి మనిషి. కొలువులో ఎవరు ముఖం ముడుచుకున్నా ఒక్క మాటతో నవ్వించగలడు. ఆ నోటి చలవే అతణ్ని రాజుగారి పక్కన కూర్చోబెట్టింది. కానీ నిఘంటువు పని జరిగేటప్పుడు మాత్రం ఆ నోటికి తాళం వేసుకోవాలని రాజాజ్ఞ.

ఒకరోజు సభలో రాజు సింహాసనం మీద సర్దుకుని కూర్చుని, "గకారంలో ఇవాళ్టి మాట గరిటె. సోమయాజీ, చెప్పండి," అన్నాడు.

సోమయాజి గొంతు సవరించుకున్నాడు. ఆయన నిజంగానే మహాపండితుడు, అందులో సందేహం లేదు. ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఎడమ పక్కన గ్రంథం తెరిచి ఉండాల్సిందే. విస్తట్లో ఏం పడుతోందో, దేనితో పడుతోందో తల ఎత్తి చూసిన రోజు లేదు. ఆయన తన చేత్తో పట్టుకున్న గరిటె జన్మమొత్తానికి ఒక్కటే. అది హోమంలో నెయ్యి పోసే స్రువం.

"గరిటె అనగా ద్రవపదార్థమును ముంచి పోసే సాధనము," అని మొదలుపెట్టాడు సోమయాజి. "చండ్రకర్రతో చేయవలెను. పొడవు మూరెడు. కొసన గుంట, బొటనవేలి కణుపు మునుగునంత. అంతకు మించినది గరిటె కాదు."

పేరయ్య గంటం ఆగిపోయింది. ఊరుకుందామనుకున్నాడు గానీ నోరు ఊరుకోలేదు.

"ప్రభూ, ఒక్క మనవి. మా ఇళ్లలో గరిటె అంటే ఇంకా చాలా ఉన్నాయి. పప్పు వడ్డించేది వేరు, పులుసు పోసేది వేరు. నూనెలోంచి బూరెలు దేవడానికి చిల్లులది ఇంకోటి. 'గరిటెడు నూనె పొయ్యి' అంటాం, 'పిండి గరిటెజారుగా కలుపు' అంటాం. పండితులవారు చెప్పిన గుంటలోంచి అట్ల పిండి జారాలంటే సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి ఒక అట్టు అవుతుంది."

సభ ఘొల్లుమంది. రాజు నవ్వలేదు.

"పేరయ్యా, వంటింటి కబుర్లకు నిఘంటువులో చోటు లేదు. నీ చేతికి ఇచ్చింది గంటం, గరిటె కాదు. రాయి."

పేరయ్య రాశాడు. రాజముద్ర పడింది. సభ 'గరిమ' అనే మాటకు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పేరయ్య కొలువుకు వెళుతూ కోటగోడ పక్కన ఉన్న అంబలి సత్రం దగ్గర ఆగాడు. ఆగకుండా వెళ్లిన రోజు అతనికి గుర్తు లేదు. తల్లీ తండ్రీ లేని పేరయ్యను చిన్నప్పుడు పెంచింది ఆ సత్రంలో పోసే జొన్నంబలే. ఆ అంబలి కాచే నాంచారమ్మను అతను ఇప్పటికీ అత్తా అని పిలుస్తాడు.

సత్రం పెట్టించింది కీర్తిధరుడి తండ్రి. గుమ్మంలో నిలబెట్టిన రాతి మీద ఆయన రెండే రెండు ముక్కలు చెక్కించాడు. వచ్చిన ప్రతి మనిషికీ గరిటెడు అంబలి పోయాలి. తాగినవారి దీవెన చెవిన పడిన తరువాతే రాజు భోజనం చేయాలి. అందుకే రోజూ పొద్దున మూడు నాలుగు వందల మంది బంతుల్లో కూర్చుని అంబలి తాగి, నాంచారమ్మ చెయ్యి ఎత్తగానే ఒక్క గొంతుతో "అన్నదాతా సుఖీభవ" అనేవారు. పైన మేడ కిటికీలో నిలబడి కీర్తిధరుడు ఆ మాట విని, అప్పుడు పీట మీద కూర్చునేవాడు. రెండేళ్లుగా వానలు ముఖం చాటేయడంతో, ఆ ఒక్క గరిటెతోనే రోజు గడుపుకునేవాళ్లు ఊళ్లో పెరిగిపోయారు.

ఆ రోజు సత్రంలో ఏ శబ్దమూ లేదు. నాంచారమ్మ చేతిలో కొత్త గరిటె ఉంది. చండ్రకర్రది, మూరెడు పొడుగు, కొసన బొటనవేలంత గుంట. పక్కనే కొలతల అధికారి తాటాకు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తాటాకు మీది అక్షరాలు తనవేనని పేరయ్య దూరం నుంచే గుర్తుపట్టాడు.

ముందు బంతిలో ఎల్లమందయ్య అనే ముసలి నేతగాడు ముంత చాపాడు. నాంచారమ్మ కాగులో ముంచి, ముంతలో వంచింది. అంబలి అడుగుదాకా కూడా పోలేదు. పక్క గోడకు అంటుకుని అక్కడే ఆగిపోయింది. ముసలాయన ముంతలోకి చూశాడు, నాంచారమ్మ వైపు చూశాడు. ఇంకా పోస్తుందేమోనని ముంత అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మనిషికి గరిటెడు," అన్నాడు అధికారి. "మిగిలింది గజశాలకు పంపాలి. తరువాతి మనిషి."

నిన్న తన గంటం గీసిన గీతలు ఇవాళ ఇన్ని ముంతల్ని ఎండగట్టాయి.

నాంచారమ్మ అతణ్ని చూసి పొయ్యి వెనక్కు పిలిచింది. "ఏరా పేరిగా, ఇదేం గరిటెరా? ముప్పై ఏళ్లు నేను పట్టుకున్నది పనసచెక్కది, ఒక్క గరిటెకు ముంత నిండేది. అది గరిటె కాదంట! మరి ఇన్నాళ్లూ నేను దేనితో పోశానంట?"

"రాసింది నేనే అత్తా," అన్నాడు పేరయ్య తల వంచుకుని.

ఆమె చేతిలోని గరిటెను తిప్పి చూసింది. తరువాత, "రాసినవాడివి చెరపలేవా?" అంది.

"రాజుగారు చెరపమనాలి. నేను నోరు తెరిస్తే వంటింటి కబుర్లంటారు. ఎవరు చెప్పినా ఆయన వినరత్తా. ఆయనంతట ఆయన వెతుక్కుని కనుక్కున్న మాటే ఆయనకు నమ్మకం." పేరయ్య గుమ్మంలో ఉన్న రాతి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "అత్తా, గరిటె తగ్గితే అంబలి తగ్గింది. మరి దీవెన తగ్గక్కర్లేదా?"

"అంటే?"

"రాతి మీద దీవెన చెప్పాలని ఉంది గానీ ఒక్క పూటలోనే మొత్తం చెప్పాలని లేదు. ఇంత గరిటెకు ఎంత దీవెన వస్తుందో అంతే ఇద్దాం. గరిటెకో అక్షరం."

నాంచారమ్మ కళ్లు పెద్దవి చేసింది. "రాజుతో పరాచికాలా? నాలుక కోసేస్తార్రా!"

"తల తీస్తే నాది తీస్తారు. ఎవరు నేర్పారని అడిగితే నా పేరే చెప్పు."

ఆమె బంతుల వైపు చూసింది. ఎల్లమందయ్య ఇంకా ముంత పట్టుకునే ఉన్నాడు. ఆమె కొంగు బిగించుకుని ఒక్కొక్కరి చెవిలో వేసుకుంటూ బంతులన్నీ తిరిగింది. తరువాత చెయ్యి ఎత్తింది.

నాలుగు వందల గొంతులు ఒక్కసారిగా, "అ!" అన్నాయి.

అంతే. అందరూ లేచి ముంతలు దులుపుకుని వెళ్లిపోయారు.

మేడ మీద కీర్తిధరుడు కాసేపు కిటికీలోనే నిలబడిపోయాడు. తక్కిన మాట వస్తుందేమోనని చూశాడు, రాలేదు. వెంటనే సోమయాజికి కబురు వెళ్లింది.

"ఇవాళ దీవెన 'అ' అని వినపడింది. దీని భావమేమిటి?"

సోమయాజి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అకారమంటే సాక్షాత్తు విష్ణువు, ప్రభూ. మీ నిఘంటువు ప్రభావం వల్ల ప్రజలకు జ్ఞానం పెరిగింది. మిమ్మల్ని విష్ణుమూర్తీ అని పిలిచారు."

రాజు పొంగిపోయాడు. ఆ పూట రెండు బూరెలు ఎక్కువ తిన్నాడు. పేరయ్య దినచర్య తాటాకు మీద 'అ' అని రాసుకుని నోరు మూసుకున్నాడు.

రెండో రోజు కింద నుంచి "న్న!" అని వినపడింది. దీనికి సోమయాజి కాస్త గడ్డం గోక్కోవాల్సి వచ్చింది. "న అంటే లేడు అని. రెండుసార్లు అన్నారంటే, మీవంటి రాజు లేడు, లేడు అని గట్టిగా చెప్పడం." మూడో రోజు "దా!" వచ్చింది. ఇది సులువు, ఇచ్చేవాడని అర్థం. నాలుగో రోజు "తా!" అన్నారు. తా అంటే లక్ష్మీదేవి అని సోమయాజి ఏదో కోశం చూసి తేల్చాడు. అయిదో రోజు "సు!" వినగానే శుభమని ఎవరూ అడగకుండానే చెప్పేశాడు.

రాజుగారు రోజూ సుష్టుగా భోంచేస్తున్నారు. ఇంత చిన్న చిన్న మాటల్లో అంతంత అర్థం నింపే ప్రజలు ఏ రాజుకైనా ఉన్నారా అని కనపడ్డవాళ్లనల్లా అడుగుతున్నారు.

సత్రంలో మాత్రం నవ్వు లేదు. పేరయ్య ఇంటి నుంచి రోజూ ఒక తపేలా అన్నం తెచ్చి ముసలివాళ్లకు పంచేవాడు. ఊళ్లో కాస్త ఉన్నవాళ్లు గుప్పెడు గింజలో, తోటకూర కట్టో ఇచ్చిపోయేవారు. అవి ఎవరికని సరిపోతాయి? ఆరో రోజు పొద్దున ఎల్లమందయ్య బంతిలో కూర్చోలేకపోయాడు. గోడకు ఆనుకుని, అక్కడి నుంచే ముంత ఎత్తి చూపించాడు. ఈ ఆట ఇక చాలు, వెళ్లి రాజు కాళ్ల మీద పడదామని పేరయ్య లేచాడు.

నాంచారమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "కాళ్ల మీద పడితే లేవదీసి పంపుతాడు, అంతేరా. ఇంకెంత? మూడు అక్షరాలు. ఉండు."

ఆ రోజు కింద నుంచి వచ్చిన అక్షరం "ఖీ!"

మేడ మీద రాజు ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటి సోమయాజీ, గుర్రం సకిలించినట్టుంది?"

సోమయాజి నీళ్లు నమిలాడు. "ఖం అంటే ఆకాశం ప్రభూ. దీర్ఘం చేత లక్ష్మీదేవి..."

"లక్ష్మి మొన్ననే వచ్చి వెళ్లింది కదా!"

సోమయాజి గడువు అడిగాడు. గ్రంథాలయంలో ఉన్న కట్టలన్నీ విప్పించాడు. జాము పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది. వంటవాళ్లు విస్తరి వేసి ఎదురుచూస్తున్నారు. దీవెన అర్థం తేలలేదు గనక అది దీవెనో తిట్టో తెలియదు. అది తెలియకుండా రాజు పీట మీద కూర్చోడానికి లేదు. తండ్రి రాయించిన రాయి ఒకవైపు, ఒక మాట తేలనిదే ముందుకు పోరాదన్న తన పట్టుదల ఒకవైపు. పొద్దు వాలింది. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"పేరయ్యా," అన్నాడు రాజు నీరసంగా. "మనం 'ఆకలి' అనే మాటకు ఏమని రాశాం?"

పేరయ్య తాటాకులు తిరగేసి చదివాడు. "ఆకలి. భోజనమందు ప్రీతితో కూడిన కోరిక, అని ఉంది ప్రభూ."

రాజు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. "ప్రీతి ఏముంది ఇందులో? తల తిరగడం లేదే అందులో. కోపం రావడం లేదు. చేతులు వణకడం లేదు."

"లేవు ప్రభూ."

"రాసినవాడికి ఎప్పుడూ ఆకలి వేసినట్టు లేదు."

ఆ అర్థం చెప్పింది స్వయంగా రాజే. పేరయ్యకు ఆ సంగతి గుర్తుంది. రాజుకు కూడా గుర్తొచ్చినట్టుంది, ఇక ఆ ఊసు ఎత్తలేదు.

ఏడో రోజు "భ!" వచ్చింది. భ అంటే నక్షత్రం అని సోమయాజి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. రాజు వినలేదు. "నిన్నటి ఖీ తేలిందా? తేలనిదే నక్షత్రంతో నాకేం పని?" అని కసిరాడు. ఆ రోజు కూడా ఉపవాసమే.

ఎనిమిదో రోజు పొద్దున రాజు కిటికీ దగ్గరకు పోలేదు. ఉత్తరీయం భుజాన వేసుకుని, "పదండి. అన్నవాళ్లనే అడుగుదాం," అని మేడ దిగాడు. సోమయాజి, పేరయ్య వెంట నడిచారు.

రాజు సత్రంలో అడుగు పెట్టేసరికి జనమంతా లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమని సైగ చేసి, ఒక స్తంభం పక్కన నిలబడి చూశాడు. నాంచారమ్మ చండ్రకర్ర గరిటె తీసుకుని ఒక్కొక్క ముంతలో ఒక్కొక్క చుక్క వంచుతూ పోయింది. ఒక తల్లి ఆ చుక్కను వేలితో తీసి బిడ్డ నాలుక మీద రాసింది. ఎల్లమందయ్య ముంతను తలకిందులు చేసి నోటి మీద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అది జారి రావడానికి చాలాసేపు పట్టింది.

నాంచారమ్మ చెయ్యి ఎత్తింది.

"వ!" అన్నారు అందరూ.

రాజు పేరయ్య వైపు తిరిగాడు. "ఇప్పటిదాకా వచ్చినవన్నీ వరసగా చదువు."

పేరయ్య తాటాకు విప్పి చదివాడు. "అ, న్న, దా, తా, సు, ఖీ, భ, వ."

ఆ ఎనిమిదీ పెదాల మీద కలుపుకుంటూ వచ్చిన రాజు చివరికి వచ్చేసరికి ఆగిపోయాడు. సోమయాజి నాలుక కరుచుకున్నాడు.

"ఎవరు నేర్పారు ఇది?" అన్నాడు రాజు.

నాంచారమ్మ నోరు తెరిచేలోపే పేరయ్య ముందుకొచ్చాడు. "నేనే ప్రభూ. తల తమ చేతిలో ఉంది. ఒక్క మాట చెప్పుకోనివ్వండి. వీళ్లు తమను వెక్కిరించలేదు. దీవెనలో ఒక్క అక్షరం కూడా ఎగ్గొట్టలేదు. కడుపులోకి పోయిందాన్ని బట్టి బయటికి వచ్చింది. పెద్దప్రభువులవారి నాడు గరిటెడు అంబలికి దీవెన మొత్తం వచ్చేది. నేను రాసిన గరిటెకు ఇంతే వస్తోంది."

"నువ్వు రాసిన గరిటె!" అన్నాడు రాజు.

"గంటం నాదే కదా ప్రభూ."

రాజు చూపు ఎల్లమందయ్య ముంత మీదే ఉంది. తరువాత నెమ్మదిగా వెళ్లి, ఆ ముసలాయన పక్కన బంతిలో, కటిక నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అవ్వా, దీవెన పూర్తయింది. ఇక నేను భోంచేయవచ్చు. రెండు రోజులుగా ఏమీ తినలేదు. నాకూ పొయ్యి."

నాంచారమ్మ ఏం చేయాలో తోచక పేరయ్య వైపు చూసింది. పేరయ్య కళ్లతోనే 'కానీ' అన్నాడు. ఆమె రాజు ముందు ఒక ఆకు దొప్ప పెట్టి, చండ్రకర్ర గరిటెతో కాగులో ముంచి, దొప్పలో వంచింది.

రాజు దొప్పలోకి చూశాడు. ఇంకా పోస్తుందేమోనని దొప్ప అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మనిషికి గరిటెడు ప్రభూ," అంది నాంచారమ్మ భయం భయంగా. "తమ పుస్తకంలో అంతే ఉందంట."

రాజు ఆ చుక్కను నాలుక మీద వేసుకున్నాడు. అది గొంతుదాకా కూడా పోలేదు. ఆయన తల ఎత్తి నాంచారమ్మను చూసి, రెండు చేతులూ జోడించి, "అ!" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరువాత రాజే ముందు నవ్వాడు. ఉపవాసం ఉన్న కడుపు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. బంతులు బంతులుగా సత్రమంతా నవ్వింది. ఎల్లమందయ్య బోసినోటితో అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు.

"ఆ పాత గరిటె ఏది?" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"అది గరిటె కాదన్నారని తలుపుకి గడియగా పెట్టాను ప్రభూ," అంది నాంచారమ్మ. గబగబా వెళ్లి గడియ ఊడదీసి, కడిగి తెచ్చింది. పనసచెక్క గరిటె, ముప్పై ఏళ్లు ఆమె చేతిలో అరిగి నున్నబడింది. దాన్ని రాజు ఆమె దగ్గర అందుకుని, ఎల్లమందయ్య ముంతలో తానే మొదటి గరిటె పోశాడు. ముంత నిండింది. ముసలాయన ముంత దించకుండా తాగాడు.

ఆ పూట అందరి ముంతలూ నిండిన తరువాత రాజు తన దొప్పలు తాను తాగాడు. ఎన్ని దొప్పలో పేరయ్య రాసుకోలేదు. తాగి లేచి, ఎవరూ చెయ్యి ఎత్తకుండానే, నాంచారమ్మకు ఎదురుగా నిలబడి దీవెన మొత్తం ఎనిమిది అక్షరాలూ చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సోమయాజి ఒక మూల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయనకు కష్టంగానే ఉంది. చివరకు దగ్గరకొచ్చి, "ప్రభూ, నేను చెప్పింది స్రువం సంగతి. హోమానికి అది చాలు, అగ్నిహోత్రుడు ఎప్పుడూ మారు అడగలేదు. మనుషుల సంగతి నేను చూసుకోలేదు," అన్నాడు. ఆ మాట ఒప్పుకోవడం పండితుడికి చిన్న విషయం కాదు. రాజు ఆయన భుజం తట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పేరయ్యా, నీకేం కావాలో కోరుకో."

"గకారంలో ఆ ఒక్క మాట ఇక్కడ కూర్చుని రాయనివ్వండి ప్రభూ."

అలాగే ఆ మధ్యాహ్నం సత్రం వంటసాలలో నిఘంటువు కొలువు జరిగింది. నాంచారమ్మ ఒక్కొక్కటీ గోడకు కొట్టిన మేకుల నుంచి తీసి చూపించింది. కాగులో అడుగంటకుండా తిప్పే తెడ్డు, అన్నం వడ్డించే హస్తం, ముక్కు వంకరపోయిన అట్లకాడ అన్నీ దిగొచ్చాయి. పసిపిల్లల నోట్లో మందు పోసే వెండి చెంచా ఒకటి ఆమె మూటలో ఉంది, అది ఆమె కూతురిది. ఆ కూతురు ఇప్పుడు లేదు. ఆ చెంచాను చూపించి మళ్లీ మూట కట్టేసుకుంది. సోమయాజి వాటన్నిటినీ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆ సాయంత్రమే ఆయన ఇంటికెళ్లి, భార్య వడ్డిస్తుంటే తల ఎత్తి, "నీ చేతిలోది ఏ గరిటె?" అని అడిగాడట. ఆవిడ కంగారుపడి వైద్యుణ్ని పిలవమందట.

"ఇన్ని ఉంటే గరిటెకు ఒక్క అర్థం ఎట్లా రాయడం అవ్వా? ఒక్క ముక్కలో చెప్పలేవా?" అని రాజు అడిగాడు.

నాంచారమ్మ ఆలోచించింది. "నాకు చెప్పడం రాదు ప్రభూ. ఎవరికి వడ్డిస్తున్నామో చూస్తే, ఏది అందుకోవాలో చెయ్యే చెబుతుంది."

పేరయ్య ఆ మాట అలాగే రాశాడు. దాని కింద, 'గరిటెడు అనగా ముంత నిండునంత, నాంచారమ్మ కొలత' అని చేర్చాడు. రాజు చదివి ముద్ర వేశాడు. పేరయ్యకు రెండు పుట్ల మాగాణి ఇచ్చాడు. నేతగాళ్ల 'మూర' కూడా ఆ వారంలోనే మళ్లీ కొలిపించాడు, ఈసారి ఎల్లమందయ్య మోచేతితో. నాంచారమ్మకు పట్టుశాలువా కప్పాడు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసి, కాగు దించుకోవడానికి మందం బాగుందని మెచ్చుకుంది.

ఆ మర్నాటి నుంచి మేడ కిటికీలోకి దీవెన మళ్లీ మొత్తం వినపడుతూ వచ్చింది. కానీ రాజు ఇదివరకులా పరధ్యానంగా వినేవాడు కాదు. చివరి అక్షరం దాకా చెవి ఒగ్గి వినేవాడు.

వేసవి ముదిరాక ఒకరోజు, ధాన్యపు కొట్టు నుంచి జొన్నలు తక్కువ వచ్చి, నాంచారమ్మ అంబలిలో కాసిని నీళ్లు ఎక్కువ కలపాల్సి వచ్చింది. ఆ పొద్దున కింద నుంచి, "అన్నదాతా సుఖీభ!" అని వినపడి ఆగిపోయింది.

పీట మీద కూర్చోబోతున్న కీర్తిధరుడు లేచి నిలబడి పగలబడి నవ్వాడు. "కొట్టు తెరిపించండి! ముందు రెండు బస్తాల జొన్నలు సత్రానికి పంపండి. వాళ్ల దగ్గర నా 'వ' ఒకటి ఉండిపోయింది, అది వచ్చాకే నా విస్తరి వేయండి," అన్నాడు.

పక్కన పేరయ్య గంటం కింద పెట్టి తాను కూడా నవ్వాడు. మధ్యాహ్నానికి కింద నుంచి ఆ ఒక్క అక్షరం గట్టిగా వినపడింది. అప్పుడు రాజు భోజనానికి కూర్చున్నాడు.